భిన్నాలు, అసమానతలు, సప్తర్షులు: నలభై రోజుల లెక్కల డైరీ

1వ రోజు

జీఆర్‌ఈ (విదేశాల్లో పీజీ చదువు కోసం రాసే పరీక్ష) రాయాలని అనుకున్నప్పటి నుంచి ఇంగ్లీషు పదాలే బట్టీ పడుతూ వచ్చాను. లెక్కల సంగతి తర్వాత చూసుకోవచ్చులే అన్నది ఇంజినీరింగ్ చదివిన ప్రతివాళ్లకూ ఉండే పొగరు. నాకూ ఉండేది. ఈ రోజు పొద్దున దిగిపోయింది.

నమూనా పరీక్ష రాస్తే జ్యామితి, శాతాలు, పటాలు చూసి చెప్పే ప్రశ్నలు బాగానే వచ్చాయి. పోయినవన్నీ ఒకే వీధిలో పోయాయి: భిన్నాలు, అసమానతలు. భిన్నాలు ఐదో తరగతిలో నేర్చుకున్నవి. అసమానతలంటే పత్రికల్లో ఆదాయాల గురించి రాసేవి కావు, ఒకటి రెండోదానికన్నా పెద్దదా చిన్నదా అని తేల్చే లెక్కలు. ఈ రెండింటి మీదే నలభై రోజులు కూర్చోబోతున్నాను. ఆఫీసు నుంచి వచ్చాక రోజుకు నలభై నిమిషాలు. ఏం చేశానో ఇక్కడ రాసుకుంటాను.

ముందు కొలత తీసుకున్నాను. ఈ రెండు అంశాల నుంచే ముప్పై లెక్కలు ఏరి, 52 నిమిషాలకు అలారం పెట్టి చేశాను. 52 ఎందుకంటే, 2023 సెప్టెంబరులో ఈ పరీక్షను కుదించారు. ఇప్పుడు లెక్కల్లో రెండు భాగాలు: మొదటిదానిలో 21 నిమిషాలకు 12 ప్రశ్నలు, రెండోదానిలో 26 నిమిషాలకు 15. మొత్తం 47 నిమిషాలకు 27 ప్రశ్నలు, అంటే ఒక్కోదానికి సుమారు 104 సెకన్లు. ఆ లెక్కన ముప్పైకి 52 నిమిషాలు. పాత పరీక్షలో 35 నిమిషాలకు 20 ఉండేవి, అంటే 105 సెకన్లు. పరీక్ష సగమైంది గానీ ప్రశ్నకు దొరికే సమయం ఒక్క సెకను కూడా సరిగా తగ్గలేదు. కాబట్టి టైము చాలలేదన్న సాకు నాకు లేదు.

ముప్పైకి పదిహేడు వచ్చాయి. టైము ఇంకా ఐదు నిమిషాలు మిగిలింది కూడా.

పోయిన పదమూడింటికీ ఒక ఖాతా తెరిచాను. మూడు కూడికల్లో పోయాయి. రెండు ప్రశ్న సరిగా చదవక పోయాయి. మిగతా ఎనిమిదింటిలో గుణకారం తప్పు లేదు, సూత్రం తప్పు లేదు. ప్రశ్నలో లేని మాట ఒకటి నేనే చేర్చుకున్నాను. ఆ ఎనిమిదింటి పక్కన ‘సొంత కవిత్వం’ అని రాశాను.

ఒక మాట. ఎక్స్, వై అని రాయాల్సిన చోట నేను క, గ అని రాసుకుంటాను. నా చేతిరాతలో ఎక్స్‌కూ గుణకారం గుర్తుకూ తేడా ఉండదు. ఇంటర్లో ఆ కారణంగానే ఒకసారి పది మార్కులు పోయాయి. అప్పటి నుంచి ఇదే అలవాటు.

2వ రోజు

ఎనిమిదింటిలో మొదటిది తీసి ఎదురుగా పెట్టుకున్నాను. రెండు రాశులు ఇచ్చి పోల్చమనే రకం. ఈ రకానికి జవాబులు ఎప్పుడూ అవే నాలుగు: మొదటిది పెద్దది, రెండోది పెద్దది, రెండూ సమానం, ఇచ్చిన సమాచారంతో చెప్పలేం.

ఇచ్చినది: క > 1/క. మొదటి రాశి: క. రెండో రాశి: 1.

నిన్న నేను చేసినది ఇది. రెండు వైపులా కతో గుణించాను. క² > 1 వచ్చింది. కాబట్టి క > 1. మొదటిది పెద్దది. పద్దెనిమిది సెకన్లలో అయిపోయింది, చాలా తృప్తిగా కూడా అనిపించింది.

ఇప్పుడు క స్థానంలో −1/2 పెట్టి చూశాను. 1/క అంటే −2. −1/2 అనేది −2 కన్నా పెద్దదే. షరతు నెరవేరింది. కానీ −1/2 ఒకటికన్నా పెద్దది కాదు. 2 పెడితే మొదటిది పెద్దది, −1/2 పెడితే రెండోది పెద్దది. జవాబు: చెప్పలేం.

రుణసంఖ్యతో గుణిస్తే ‘పెద్దది’ అనే గుర్తు ‘చిన్నది’గా తిరుగుతుందని నాకు తెలియదా? నిద్రలో లేపి అడిగినా చెబుతాను. కానీ పక్కన మైనస్ గీత కనిపిస్తేనే నేను దాన్ని రుణసంఖ్య అనుకుంటున్నాను. క అనే అక్షరం ముందు గీత లేదు కాబట్టి అది ధనసంఖ్యే అని లోపల ఎవరో సంతకం పెట్టేశారు. అదే సొంత కవిత్వం.

సరిగా చేస్తే రెండు దారులు పట్టాలి. క ధనమైతే గుర్తు అలాగే ఉంటుంది: క² > 1, అంటే క > 1. క రుణమైతే గుర్తు తిరుగుతుంది: క² < 1, అంటే −1కీ 0కీ మధ్య. జవాబు ఒక్క ముక్క కాదు, రెండు ముక్కలు. మధ్యలో ఉన్న 0 నుంచి 1 వరకు పనికిరాదు, −1కి ఎడమవైపు కూడా పనికిరాదు.

గుర్తు ఎందుకు తిరుగుతుందో తమ్ముడికి చెప్పబోయి నాకే కొత్తగా ఒకటి తట్టింది. ధన, రుణ అన్న మాటలు మనం అర్థం వదిలేసి వాడుతున్నాం. 628లో బ్రహ్మగుప్తుడు ఈ సంఖ్యలకు నియమాలు రాసినప్పుడు వాటిని ధనం, ఋణం అనే అన్నాడు, అంటే ఆస్తి, అప్పు. మూడు రూపాయలున్నవాడికన్నా ఐదు రూపాయలున్నవాడు మెరుగు. ఇద్దరి ఆస్తీ అంతే అప్పుగా మారిందనుకుంటే మూడు రూపాయల అప్పున్నవాడే మెరుగు. వరస తిరగబడింది. బ్యాంకువాళ్లు రుణం అంటే వెంటనే అర్థమయ్యేది లెక్కల పుస్తకంలో అంటే ఎందుకు అర్థం కాదో.

3వ రోజు

ఈ రోజు ఎక్కువ చేయలేదు. ఒకటికన్నా చిన్న భిన్నాలను గుణిస్తే ఇంకా చిన్నవవుతాయన్నది ఒంటికి పట్టించుకోవడమే పని. మా అమ్మమ్మకు ఇది వేరే చెప్పనక్కర్లేదు. పావులో పావు వీసం అనేది. వీసం అంటే పదహారో వంతు. ‘వీసమెత్తు సందేహం లేదు’ అని మనం అనేటప్పుడు ఆ పదహారో వంతే ఉంది లోపల. 1/4ను వర్గం చేస్తే 1/16 అని రాసుకున్నప్పుడు నాకు అది పెద్దదైనట్టు అనిపిస్తుంది, 16 పెద్ద అంకె కాబట్టి. పావు వీసమైపోయింది అనుకుంటే ఆ పొరపాటు పడను.

5వ రోజు

ఒక పనిముట్టు తయారైంది. నా కవిత్వం ఎప్పుడూ ఒకటే: తెలియని సంఖ్య అనగానే 2, 3, 10 లాంటివే మనసులోకి వస్తాయి. అందుకని ప్రతి లెక్కకూ తప్పనిసరిగా పిలవాల్సిన ఏడుగురిని అట్ట మీద రాసి గోడకు తగిలించాను:

−2, −1, −1/2, 0, 1/2, 1, 2

ఏడుగురు కాబట్టి సప్తర్షులు. సున్నాకు దుర్వాసుడని పేరు పెట్టాను, ఎందుకంటే ఆయనను హారంలోకి పిలిస్తే శాపమే. దుర్వాసుడు సప్తర్షుల్లో లేడని అమ్మ సరిదిద్దింది. అయినా పేరు మార్చలేదు.

వీళ్లు ఒక్కొక్కరూ ఒక్కో చోటి ప్రతినిధి. 2ను వర్గం చేస్తే పెరుగుతుంది, 1/2ను చేస్తే తగ్గుతుంది, −2ను చేస్తే గోడ దూకి అటువైపు 4 అవుతుంది. ఘనం చేస్తే −1/2 కాస్తా −1/8 అవుతుంది, అంటే పెరిగింది. −2 కాస్తా −8 అవుతుంది, అంటే తగ్గింది. 1, 0 వర్గానికైనా ఘనానికైనా కదలవు. తలకిందులు చేస్తే 1/2 వెళ్లి 2 అవుతుంది, −1/2 వెళ్లి −2 అవుతుంది. ఈ నడతలన్నీ ఒక పేజీ నిండా రాశాను. బట్టీ పట్టలేదు, రాస్తుంటేనే వచ్చేశాయి.

‘క > గ అయితే క² > గ²’ అనే వాక్యం నిన్నటి వరకు నాకు నిజంలా వినిపించేది. 1ని, −2ను పిలిచాను. 1 పెద్దది, కానీ వర్గాలు 1, 4. అబద్ధమని తేలడానికి ఐదు సెకన్లు చాలాయి.

ఏడుగురినీ ప్రతిసారీ పిలవనక్కర్లేదు. ఇద్దరు రెండు రకాలుగా చెబితే చాలు, ‘చెప్పలేం’ అని గీత గీసి ముందుకు వెళ్లవచ్చు.

10వ రోజు

భిన్నాలను పోల్చడం. 29/31 పెద్దదా, 31/33 పెద్దదా?

నా చేయి అలవాటుగా అడ్డ గుణకారానికి పోయింది. 29 × 33 = 957, 31 × 31 = 961. రెండోది పెద్దది. జవాబు సరే, కానీ నలభై సెకన్లు పట్టింది.

గడియారం చూసి ‘పావు తక్కువ పది’ అంటాం కదా. తొమ్మిదిమ్ముప్పావు అనడం కన్నా అదే ముందు నోటికి వస్తుంది, ఎందుకంటే పదికి ఎంత లోటో చూస్తాం. ఈ రెండు భిన్నాలూ ఒకటికి ఎంత తక్కువ? మొదటిది 2/31 తక్కువ, రెండోది 2/33 తక్కువ. అదే రెండును ఎక్కువ మందికి పంచితే ఒక్కొక్కరికి వచ్చేది తక్కువ, కాబట్టి 2/33 లోటే చిన్నది. లోటు తక్కువున్నది పెద్దది. ఆరు సెకన్లు.

దీనికి ‘పావు తక్కువ పద్ధతి’ అని పేరు రాసుకున్నాను. ఇదే పద్ధతితో, లవానికీ హారానికీ ఒకే సంఖ్య కలిపితే ఏమవుతుందన్న ప్రశ్న కూడా విడిపోయింది. ఎనిమిది మ్యాచుల్లో ఐదు గెలిచిన జట్టు తర్వాతిది కూడా గెలిస్తే 5/8 కాస్తా 6/9 అవుతుంది. లోటు 3/8 నుంచి 3/9కి తగ్గింది, భిన్నం పెరిగింది. 9/7 లాంటిదైతే ఒకటికి పైన 2/7 ఉంది, 10/8 అయ్యేసరికి అది 2/8కి దిగింది, భిన్నం తగ్గింది. రెండూ ఒకటి వైపే జరిగాయి. అన్నీ ధనసంఖ్యలైతేనే సుమా. గోడ మీద ఋషులు నా వైపే చూస్తున్నారు కాబట్టి ఆ మాట రాస్తున్నాను.

ఒకటికి దగ్గరగా లేనివాటికి సగం పనికొస్తుంది. 47/95, 52/103: మొదటిదానికి సగమంటే 47.5, కాబట్టి సగం కన్నా తక్కువ. రెండోదానికి సగమంటే 51.5, కాబట్టి సగం కన్నా ఎక్కువ. గుణకారం అక్కర్లేదు.

11 నుంచి 15వ రోజు వరకు

ఆఫీసులో పని ఒత్తిడి. ఏమీ చేయలేదు. అట్ట మీద దుమ్ము తుడిచాను.

16వ రోజు

మాటల్లో ఇచ్చిన భిన్నాలు. ‘ఒకరు జీతంలో 2/5 వంతు అద్దెకు ఇచ్చి, మిగిలిన దానిలో 1/3 వంతు సరుకులకు ఖర్చు పెట్టగా 12,000 మిగిలింది. జీతమెంత?’

నేను 1 నుంచి 2/5, 1/3 తీసేశాను. 4/15 మిగిలింది. దాని విలువ 12,000 అయితే జీతం 45,000. జవాబుల్లో 45,000 ఉంది. హాయిగా గుర్తు పెట్టాను.

సరైనది 30,000. అద్దె పోగా మిగిలినది 3/5. ఆ మూడు వంతుల్లో మూడోది సరుకులకు పోతే మిగిలేది 2/5. అదే 12,000.

నన్ను ఆలోచింపజేసింది నా తప్పు కాదు, ఆ 45,000. అంత గుండ్రటి సంఖ్య ఊరికే రాదు. ‘మిగిలిన దానిలో’ అన్న మాటను దాటేసే నాలాంటివాళ్ల కోసం కుర్చీ వేసి పెట్టిన జవాబు అది. నా జవాబు ఎంపికల్లో ఉంది కాబట్టి అది సరైనదే అనుకోవడం ఇక మానాలి. ఈ రకం పరీక్షల్లో తప్పులకూ ఆహ్వానం ఉంటుంది.

18వ రోజు

ఈ రోజు రాత్రి జరిగినది కాస్త వివరంగా రాయాలి.

లెక్క: ‘18 క్యారెట్ల బంగారం 40 గ్రాములుంది. దానికి కనీసం ఎన్ని గ్రాముల 24 క్యారెట్ల బంగారం కలిపితే మొత్తం 22 క్యారెట్లకు తగ్గకుండా ఉంటుంది?’ ఇది నేనే తయారుచేసుకున్నాను, నాన్నను ఆటపట్టిద్దామని. నాన్న ఒక నగల దుకాణంలో తూకం దగ్గర ముప్పై ఏళ్లు పనిచేసి ఈ మధ్యే మానేశారు.

నేను ముందు రాసుకున్నది: 40 గ్రాముల్లో మేలిమి 30 (24 వంతుల్లో 18). క గ్రాములు కలిపితే (30 + క)/(40 + క) ≥ 22/24, అంటే 11/12. ఇక్కడ హారం 40 + క ధనమే అని గట్టిగా తెలుసు, ఎందుకంటే బంగారం బరువు రుణంలో ఉండదు. కాబట్టి అడ్డ గుణకారం చేసినా ప్రమాదం లేదు. 360 + 12క ≥ 440 + 11క. క ≥ 80.

ఎనభై! నలభై గ్రాములను బాగుచేయడానికి ఎనభై గ్రాములా? ఎక్కడో తప్పు చేశాననుకుని మూడుసార్లు చూశాను. పుస్తకం పట్టుకుని హాల్లోకి వెళ్లాను.

“నాన్నా, దీనికి జవాబు ఎంతుంటుందంటారు?”

నాన్న టీవీ వైపు చూస్తూనే విన్నారు. “ఎనభై.”

“అంత ఠక్కున ఎలా చెప్పారు?”

“నువ్వెలా చేశావు?”

చూపించాను. కళ్లద్దాలు పెట్టుకుని ఆ రెండు వరసలూ చదివారు. “బంగారం వైపు ఎందుకు చూస్తావమ్మా? అది పెరుగుతూ ఉంటుంది, కింద మొత్తమూ పెరుగుతూ ఉంటుంది, రెండూ కదులుతుంటే కన్ను నిలవదు. రాగి వైపు చూడు. నలభైలో రాగి పది. నువ్వు పోసేది మేలిమి, కాబట్టి రాగి పదికి పదే ఉంటుంది. ఇరవైరెండు క్యారెట్లంటే పన్నెండో వంతు రాగి. పది గ్రాములు పన్నెండో వంతు కావాలంటే మొత్తం ఎంతుండాలి?”

“నూట ఇరవై.”

“ఉన్నది నలభై.”

ఇది నా పావు తక్కువ పద్ధతే. నేను వారం కింద కనిపెట్టాననుకుని పేరు కూడా పెట్టినది ఆయన ముప్పై ఏళ్లుగా రోజూ చేస్తున్నారు, పేరు లేకుండా. పైగా అసమానత కూడా అందులోనే ఉంది: రాగి పన్నెండో వంతుకు మించకూడదు, కాబట్టి మొత్తం 120కి తగ్గకూడదు.

“అయినా ఎవరైనా ఇలా చేస్తారా? ఎనభై గ్రాముల మేలిమి ఉన్నవాడు పాత నగ జోలికి ఎందుకు వెళతాడు?” అన్నారు. తర్వాత ఆయనే నాకొక లెక్క ఇచ్చారు. నగల మీద హాల్‌మార్క్ ముద్రలో క్యారెట్ల పక్కన ఒక సంఖ్య ఉంటుంది: 22కి 916, 18కి 750, 14కి 585. వెయ్యిలో అన్ని వంతులు మేలిమి అని అర్థం. “క్యారెట్ల భిన్నం పెద్దదా, ముద్ర మీది సంఖ్య పెద్దదా చూడు.”

22/24 అంటే 0.9166 అని సాగుతూ పోతుంది, 0.916 కన్నా వెంట్రుకవాసి పెద్దది. 18/24 సరిగ్గా 0.750. 14/24 అంటే 0.5833, ఇది 0.585 కన్నా చిన్నది. మొదటిది పెద్దది, రెండూ సమానం, రెండోది పెద్దది: నాలుగు జవాబుల్లో మూడు ఒకే బల్ల మీద దొరికాయి. ఇంత చక్కటి ప్రశ్న ఏ అభ్యాస పుస్తకంలోనూ నాకు ఎదురుకాలేదు.

20వ రోజు

ఇరవై లెక్కలతో చిన్న పరీక్ష. పదిహేను వచ్చాయి. సొంత కవిత్వం రెండే.

22వ రోజు

పరిధులు. క అనేది −3 నుంచి 5 వరకు, గ అనేది −4 నుంచి 2 వరకు ఉండవచ్చు. క × గ గరిష్ఠం ఎంత? నేను పెద్దదాన్ని పెద్దదానితో గుణించి 10 అన్నాను. నాలుగు మూలలూ చూడాలి: 12, −6, −20, 10. రెండు అప్పులు కలిసి 12 అయ్యాయి. కనిష్ఠం −20.

క² పరిధి అడిగితే 9 నుంచి 25 అన్నాను. మధ్యలో దుర్వాసుడు కూర్చుని ఉన్న సంగతి మరిచి. 0 నుంచి 25.

తలకిందులు చేసేటప్పుడూ ఇంతే. క 2కూ 5కూ మధ్య ఉంటే 1/క నేరుగా 1/5కూ 1/2కూ మధ్య ఉంటుంది. క −2కూ 5కూ మధ్య ఉంటే మాత్రం 1/క రెండు ముక్కలై ఒకటి −1/2కు కిందికి, రెండోది 1/5కు పైకి పారిపోతుంది. మధ్యలో ఏమీ ఉండదు. పరిధిలో సున్నా ఉందా లేదా అన్నదే ముందు చూడాలి, మిగతాదంతా తర్వాత.

పరమ మూల్యం (మైనస్ ఉంటే వదిలేసి తీసుకునే విలువ) గురించి పెద్దగా రాయడానికి లేదు. దాన్ని దూరం అనుకుంటే చాలు. 4 నుంచి 10 వరకు అంటే 7 నుంచి మూడు అడుగులకు మించని దూరం.

27వ రోజు

మళ్లీ ఇరవై లెక్కలు. ఈసారి పదమూడే వచ్చాయి. వారం కింద కన్నా రెండు తక్కువ.

ఖాతా తీసి చూస్తే విచిత్రంగా ఉంది. పోయిన ఏడింటిలో ఐదు చోట్ల నేను పెట్టిన జవాబు ‘చెప్పలేం’. అందులో ఒకటి: క సున్నా కాదు, క < 1. మొదటి రాశి క², రెండో రాశి క³.

రుణసంఖ్యలున్నాయి, భిన్నాలున్నాయి, వర్గం ఉంది, ఘనం ఉంది, ఇంకేం చెబుతాం అనుకుని ఋషులను పిలవకుండానే ‘చెప్పలేం’ అని గీసేశాను. పిలిచి ఉంటే: −2 ఇచ్చేవి 4, −8. −1/2 ఇచ్చేవి 1/4, −1/8. 1/2 ఇచ్చేవి 1/4, 1/8. అందరూ మొదటిదే పెద్దదంటున్నారు. వాళ్ల మాట కాదు, రుజువు కావాలంటే మొదటిదాని నుంచి రెండోదాన్ని తీసేయాలి: క²(1 − క). సున్నా కాని సంఖ్య వర్గం ధనమే. క ఒకటికన్నా చిన్నది కాబట్టి రెండో ముక్కా ధనమే. తీసివేత ధనం, కాబట్టి మొదటిది పెద్దది. క ఎవరైనా సరే.

మొదటి రోజు నేను తెలియని సంఖ్యలన్నీ మంచివే అని నమ్మాను. ఇప్పుడు అన్నీ మోసమే అని నమ్ముతున్నాను. ఇదీ సొంత కవిత్వమే, ఛందస్సు మారిందంతే. ప్రశ్నలో ‘సున్నా కాదు’ అన్న మాట ఎందుకు పెట్టారో ఆగి చూసినా దొరికిపోయేది. ఆ మాట లేకపోతే సున్నా దగ్గర రెండూ సమానమై ‘చెప్పలేం’ అయ్యేది. ప్రశ్న రాసినవాళ్లు ఆ తలుపు పనిగట్టుకుని మూశారు, అంటే జవాబు తేలుతుందని వాళ్లే చెబుతున్నారు.

ఇక నుంచి నియమం: ‘చెప్పలేం’ అనాలంటే రెండు రకాలుగా చెప్పిన ఇద్దరి పేర్లు పక్కన రాయాలి. సాక్షులు లేకుండా ఆ జవాబు చెల్లదు.

30వ రోజు

పరీక్షలో తెర మీద కాలిక్యులేటర్ ఇస్తారు. ఎనిమిది అంకెలకు మించి చూపదు. 1ని 3తో భాగిస్తే కొన్ని మూడులు చూపి ఆగిపోతుంది. 1/3నూ 0.3333333నూ పోల్చమంటే అది సమానమన్నట్టే చూపిస్తుంది. నిజానికి 1/3 పెద్దది. ఎక్కువ తక్కువలు తేల్చే చోట దాన్ని పక్కన పెట్టి, పెద్ద గుణకారాలకు మాత్రమే వాడుతున్నాను.

ఇంకో చిన్న లాభం. జవాబును మనమే పెట్టెలో నింపే ప్రశ్నల్లో భిన్నాన్ని కనిష్ఠ రూపానికి తేనక్కర్లేదు. 84/126 అని నింపినా 2/3తో సమానంగా తీసుకుంటారు. ఇన్నాళ్లూ స్కూలు అలవాటుతో కొట్టివేతలు చేస్తూ ఎన్ని సెకన్లు పోగొట్టానో. లవం, హారం రాసి వదిలేస్తే సరిపోయేది.

33వ రోజు

ఇంట్లోనే కూర్చుని పరీక్ష రాసే వీలుంది, అది తీసుకుందామా అని ఆలోచన. అలా రాస్తే మామూలు కాగితం మీద లెక్క చేయకూడదు. చిన్న తెల్లబోర్డు లాంటిది, చెరిపే మార్కరు వాడాలి. ఒకసారి అలవాటు చేసుకుందామని బోర్డు కొనుక్కొచ్చాను.

−3క + 7 ≤ 19. రెండో వరసలో −3క ≤ 12 అని రాశాను. మూడో వరస రాయడానికి చేయి కిందికి జరిపేటప్పుడు మణికట్టు తగిలి మైనస్ గీత చెరిగిపోయింది. నేను చూసుకోలేదు. 3క ≤ 12, క ≤ 4. జవాబుల్లో అదీ ఉంది. నిజానికి క ≥ −4. మొదటి రోజు నుంచి కనిపించని మైనస్‌ల గురించి రాస్తున్నాను గానీ, ఉన్నది కూడా కనిపించకుండా పోవడం ఇదే మొదలు.

బోర్డు మీద ఇంకో ఇబ్బంది, లావు మార్కరుతో 1/2క అని ఏటవాలు గీత పెట్టి రాస్తే అది సగం కనో, 1 కింద 2కనో తర్వాత నాకే తెలియడం లేదు. భిన్నానికి అడ్డ గీతే గీయాలి, పైన లవం, కింద హారం, చిన్నప్పుడు నేర్పినట్టు. కానీ అలా రాస్తే నాలుగు వరసలకు బోర్డు నిండుతోంది.

పరీక్షా కేంద్రంలో కాగితాలిస్తారు. కేంద్రానికే వెళతాను. బోర్డును తమ్ముడు ఇంటి ఖర్చులు రాయడానికి తీసుకున్నాడు.

36వ రోజు

తమ్ముడితో పోటీ పెట్టుకున్నాను. వాడు ఇంటర్ ఎంపీసీ. పది లెక్కలు, ఒక్కొక్కటి 104 సెకన్లు. వాడికి ఎనిమిది, నాకు తొమ్మిది. “అక్కా, నువ్వు గోడ వైపు చూసి కాపీ కొడుతున్నావు” అన్నాడు. నిజమే. పరీక్షలో ఆ గోడ ఉండదు. అట్ట తీసి బీరువాలో పెట్టాను.

40వ రోజు

కొత్త ముప్పై లెక్కలు, 52 నిమిషాలు. ఇరవై ఆరు వచ్చాయి. ఈసారి టైము రెండు నిమిషాలే మిగిలింది. మొదటి రోజు కన్నా నెమ్మదిగా చేశానన్నమాట.

పోయిన నాలుగు: ఒకటి కూడికలో. ఒకటి మళ్లీ ‘మిగిలిన దానిలో’ దగ్గర. ఇరవై నాలుగు రోజుల కింద అంత రాసుకుని మళ్లీ అక్కడే పడ్డాను. మూడోది ‘చెప్పలేం’ అని పెట్టి సాక్షుల పేర్లు రాయనిది. నాలుగోదే కొత్త రకం.

2క < 10. మొదటి రాశి క, రెండో రాశి 4.

క 5 కన్నా చిన్నది. ఋషులను పిలిచాను, ఏడుగురినీ, శ్రద్ధగా. −2 నుంచి 2 వరకు అందరూ 4 కన్నా చిన్నవాళ్లే. ఏకగ్రీవం. రెండోది పెద్దది అని పెట్టాను. తప్పు. క 4 అయితే సమానం, 4.5 అయితే మొదటిదే పెద్దది.

నా ఋషులందరూ సున్నా చుట్టూ, ఒకటి చుట్టూ ఆశ్రమాలు కట్టుకున్నవాళ్లు. 4కూ 5కూ మధ్య ఏం జరుగుతుందో వాళ్లకేం తెలుసు? వర్గాలూ వ్యుత్క్రమాలూ (తలకిందులు చేసినవి) ఉన్న చోట సరిహద్దులు −1, 0, 1 దగ్గర ఉంటాయి, అక్కడ వాళ్లను మించినవారు లేరు. ఇక్కడ సరిహద్దు లెక్కే ఇచ్చింది: 4, 5. ఆ రెంటి మధ్య నుంచి ఒకరిని పిలవాలి, అదీ పూర్ణసంఖ్య కాకుండా. 5 కన్నా తక్కువ అనగానే 4 అని నాకు వినిపించింది. అక్కడ కూడా ప్రశ్నలో లేని ‘పూర్ణసంఖ్య’ అన్న మాటను నేనే చేర్చాను.

బీరువాలోంచి అట్ట తీసి, 2 పక్కన ఒక గీత గీసి ఖాళీగా వదిలాను. లెక్కను బట్టి ఎవరు వస్తే వాళ్లది ఆ పీట.

నాన్న వచ్చి గుమ్మం దగ్గర నిలబడ్డారు. “ఎన్ని వచ్చాయి?”

“ముప్పైకి ఇరవై ఆరు.”

“నాలుగు తక్కువ” అని కుర్చీ లాక్కుని కూర్చున్నారు. “ఏవి ఆ నాలుగు?”

పుస్తకం ఆయన వైపు తిప్పాను.